పెత్తనం మారితే బిల్లు పెరుగుద్ది

లండన్ వచ్చి పార్లమెంటు భవనం ముందు ఫొటో దిగని మనవాళ్లు అరుదు. అందరూ పైన గడియారం చూస్తారు. సైట్ల మీద బతికే మేం మాత్రం కింద ఏముందని అడుగుతాం.

1834లో కాలిపోయాక మళ్లీ కట్టిన భవనం అది. నేలమాళిగలో ఆవిరి గొట్టాలు, గ్యాస్ లైన్లు, కరెంటు కేబుళ్లు, నీళ్ల పైపులు ఒకదాని మీద ఒకటి. 1888లో పెట్టిన మురుగునీటి ఏర్పాటును నూరేళ్లు దాటినా వాడుతూ వచ్చారు. దానికి తోడు ఆస్‌బెస్టాస్. నిప్పు భయంతో రాత్రీపగలూ కాపలా తిరుగుతారు.

అందరూ బయటికెళ్లి బాగుచేయించాలని 2018లో సభ్యులు ఓటేశారు. 2019లో చట్టం తెచ్చారు. పని చేయించడానికి స్పాన్సర్ బాడీ, పని చేయడానికి డెలివరీ అథారిటీ. 2012 ఒలింపిక్స్ పనులు నడిపిన పద్ధతే. 2022లో అంచనా బయటపడింది: పూర్తిగా ఖాళీ చేస్తే 700 కోట్ల నుంచి 1300 కోట్ల పౌండ్లు, 19 నుంచి 28 ఏళ్లు. జనం లోపలుండగానే చేస్తే ఇంకా ఎక్కువ.

అంకె చూసి గుండె జారింది. అదే ఏడాది స్పాన్సర్ బాడీని తీసేయాలని తీర్మానించారు. 2023 జనవరి నుంచి ఆ బాధ్యత రెండు సభల అధికారుల చేతికొచ్చింది. పెత్తనం మారింది, పైపులు మారలేదు. అతుకులేసి నడపడానికే వారానికి సుమారు 20 లక్షల పౌండ్లు పోతున్నాయని 2023 మేలో పార్లమెంటు ప్రజాపద్దుల కమిటీ తేల్చింది. అంటే ఏడాదికి 10 కోట్లు దాటుద్ది.

ఇది మాకు కొత్త కథ కాదు. మేం చేసిన ఒక సైట్‌లో మధ్యలో కన్సల్టెంట్ మారాడు. పాతాయన సంతకం పెట్టిన శాంపిళ్లను కొత్తాయన ఒప్పుకోలేదు. డ్రాయింగులు మళ్లీ పంపాం, ఇన్‌స్పెక్షన్ కాగితాలు మళ్లీ రాశాం. స్కఫోల్డింగ్ అద్దె మాత్రం ఒక్కరోజు ఆగలేదు. ఓవర్‌టైమ్ ఆగింది. ఆ నెల మా కుర్రాళ్లు ఇంటికి తక్కువ పంపారు. పైన కుర్చీ మారితే కింద కోతపడేది కూలీకే.

పెత్తనం మార్చకూడదని మేమనం. లెక్క చెప్పనివాణ్ని మార్చాల్సిందే. కానీ మార్చేముందు పాత ఆమోదాలు ఏవి చెల్లుతాయో, ఆగిన రోజుల ఖర్చు ఎవరిదో కాగితం మీద రాసుకోవాలి. ఆ లెక్క అంచనాలో కనపడదు, ఆఖరి బిల్లులో కనపడుద్ది.

గల్ఫ్‌లోనైనా, ఇక్కడైనా మనవాళ్లకు ఒక్క మాట. సైట్ డైరీ రోజూ రాయండి. సంతకమైన ప్రతి కాగితానికీ నకలు దాచుకోండి. పెద్దసారు మారిన రోజున మన పక్షాన మాట్లాడేది ఆ కాగితమే.