వెన్నెలకు ముందు చీకటి: చంద్రుణ్ణి లెక్కపెట్టే జీవుల కథ

పోకెమాన్ ఆటలు ఆడే పిల్లలకు క్లెఫెయిరీని పరిచయం చేయనక్కరలేదు. గులాబీ రంగు, బొద్దుగా ఉండే ఒళ్లు, వీపు మీద రెండు బుల్లి రెక్కలు. జపాన్‌లో 1996 ఫిబ్రవరిలో విడుదలైన మొదటి ఆటలలోనే ఇది ఉంది. పోకెమాన్ల పట్టికలో దీని సంఖ్య 35. ఆటలోని కథ ప్రకారం ఇది చాలా బిడియస్థురాలు, మనుషుల కంట పడదు. మౌంట్ మూన్ అనే కొండ గుహల్లో దాక్కుంటుంది. పౌర్ణమి రాత్రి మాత్రం గుంపుగా బయటికి వచ్చి నాట్యం చేస్తుంది. రెక్కల్లో వెన్నెలను పోగుచేసుకుని, ఆ బలంతో గాలిలో తేలుతుంది. చంద్రశిల తగిలితే క్లెఫేబుల్ అనే మరో రూపంలోకి మారుతుంది. 2013లో వచ్చిన ఆటలలో దీనిని 'ఫెయిరీ' అనే కొత్త తరగతిలోకి చేర్చారు.

వెన్నెలను ఆహారంగా తీసుకునే ప్రాణి అనే ఊహ తెలుగువారికి కొత్తది కాదు. మన కావ్యాలలోని చకోరం చేసే పని అదే. విచిత్రమేమిటంటే ఇప్పుడు చకోర్ అని పిలుస్తున్న అసలు పక్షి హిమాలయాల రాతి వాలుల్లో పగటిపూట గింజలు ఏరుకుని తినే కౌజు జాతి పక్షి. రాత్రయితే నిద్రపోతుంది. కవులకు పక్షిశాస్త్రంతో పని లేదు కాబట్టి ఆ సంగతి వదిలేద్దాం.

క్లెఫెయిరీ కథలో జీవశాస్త్రవేత్తకు అడ్డుతగిలేది వేరొకటి. బిడియం, వెన్నెల మీద ప్రేమ, ఈ రెండూ ఒకే జంతువులో ఇముడుతాయా?

అడవిలో బిడియం అంటే సిగ్గు కాదు, ప్రాణభయం. ఎలుకలు, కుందేళ్లు, చాలా రకాల గబ్బిలాలు నిండు వెన్నెలలో తక్కువగా తిరుగుతాయి. గుడ్లగూబకు, పిల్లికి అవి కనబడే అవకాశం పెరుగుతుంది కదా. శాస్త్రవేత్తలు ఈ ప్రవర్తనకు 'లూనార్ ఫోబియా' అని పేరు పెట్టారు. వెన్నెల వెరపు అనుకోవచ్చు. ఇది అన్ని జంతువులకూ వర్తిస్తుందా అని 2014లో ఒక అధ్యయనం పరిశీలించింది. రాత్రిపూట తిరిగే 59 రకాల క్షీరదాలపై అప్పటికే వెలువడిన పరిశోధనలన్నిటినీ కలిపి విశ్లేషించింది. వాసన, వినికిడి మీద ఆధారపడే జంతువులు మొత్తం మీద వెన్నెలలో తగ్గి ఉంటే, కంటిచూపు మీద ఆధారపడేవి పెరిగాయి. ఈ రెండో వర్గంలో ముందు నిలిచినవి నిశాచర వానర జాతులు. దక్షిణ అమెరికాలోని గుడ్లగూబ కోతులు దీనికి ప్రసిద్ధ ఉదాహరణ. పౌర్ణమి దగ్గరపడితే అవి రాత్రంతా చురుగ్గా ఉంటాయి, అమావాస్యకు ముడుచుకుంటాయి.

ఆంధ్రప్రదేశ్‌లో కూడా ఇలాంటి వానర బంధువు ఒకటి ఉంది. దేవాంగ పిల్లి అని పిలుస్తారు కానీ అది పిల్లి కాదు, లోరిస్. బరువు 300 గ్రాముల లోపే. ముఖంలో సగం కళ్లే. శేషాచలం అడవుల్లోనూ, శ్రీహరికోట పొదల్లోనూ ఉంటుంది. చంద్రయాన్-3 బయలుదేరిన దీవిలోనే చంద్రుని వెలుగులో పురుగులు వేటాడే ప్రాణి ఉందన్నమాట. దాని బిడియానికి కారణం మనుషులు కూడా. మూఢనమ్మకాల పేరుతో దాన్ని పట్టి హింసించడం, అమ్మడం చాలాకాలంగా సాగింది. వన్యప్రాణి సంరక్షణ చట్టం దానికి అత్యున్నత రక్షణ ఇచ్చినా ఆ బెడద పూర్తిగా పోలేదు.

అయినా క్లెఫెయిరీకి అసలైన సాటి జీవులు నేల మీద లేవు. అవి సముద్రంలో ఉన్నాయి. వాటి గురించి మాట్లాడాలంటే డాలీగంజ్ దాకా వెళ్లాలి.

డాలీగంజ్ దక్షిణ అండమాన్‌లో, శ్రీ విజయపురం (2024 వరకు పోర్ట్ బ్లెయిర్) పట్టణాన్ని ఆనుకుని ఉంది. కేంద్ర భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ కింద పనిచేసే జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ తన ద్వీప కేంద్రాన్ని ఇక్కడే నడుపుతోంది. దీనిని ఇప్పుడు దీవుల కోసం అటల్ సముద్ర విజ్ఞాన సాంకేతిక కేంద్రం అని పిలుస్తున్నారు. ఈ దీవుల చుట్టూ ఉన్న సముద్రజీవులు, సూక్ష్మజీవులపై ఇక్కడ పరిశోధనలు జరుగుతాయి. ఇక్కడి నుంచి ఎటు చూసినా పగడపు దిబ్బలు ఎంతో దూరంలో లేవు. ఒకవైపు నార్త్ బే, మరోవైపు 1983లో ఏర్పాటైన వండూర్‌లోని మహాత్మా గాంధీ సముద్ర జాతీయ ఉద్యానవనం. అండమాన్‌లో ఉత్తరాంధ్ర నుంచి వచ్చి స్థిరపడిన తెలుగు మత్స్యకార కుటుంబాలు చాలా ఉన్నాయి. పౌర్ణమికీ అమావాస్యకూ పోటు ఎక్కువని, అష్టమి నవముల్లో నీరు మందంగా కదులుతుందని వారికి ఎవరూ చెప్పనక్కరలేదు. సూర్యుడు, చంద్రుడు, భూమి ఒకే వరుసలోకి వచ్చినపుడు రెండింటి ఆకర్షణ కలిసి పెద్ద పోటు వస్తుంది. లంబకోణంలో ఉన్నపుడు ఒకదాని ప్రభావాన్ని మరొకటి కొంత తగ్గిస్తుంది. పెద్ద పోటు రోజుల్లో ఇక్కడ నీటిమట్టంలో తేడా సుమారు రెండు మీటర్ల దాకా ఉంటుంది.

తీరప్రాణులు చాలావరకు చంద్రుణ్ణి ఈ ఆటుపోట్ల ద్వారానే 'చూస్తాయి'. హిందూ మహాసముద్రంలోని క్రిస్మస్ దీవిలో ఉండే ఎర్ర పీతలు ఏడాది పొడవునా అడవి బొరియల్లో దాక్కుంటాయి. వానలు మొదలయ్యాక కోట్ల సంఖ్యలో సముద్రానికి నడుస్తాయి. కృష్ణపక్షంలో అర్ధచంద్రుడి రోజుల్లో, తెల్లవారుజామున పోటు వెనక్కి మళ్లే వేళ గుడ్లను నీటిలోకి వదులుతాయి.

పగడాల సంగతి వేరు. అవి చంద్రుణ్ణి నిజంగానే చూస్తాయి, వాటికి కళ్లు లేకపోయినా.

పగడం రాయిలా కనబడే జంతువు. వేలాది చిన్న జీవులు కలిసి సున్నపు గూడు కట్టుకుని ఒకేచోట పాతుకుపోయి బతుకుతాయి. కదలలేని జంతువు జతను ఎలా వెతుక్కోవాలి? చాలా పగడాలు దీనికి కనుగొన్న ఉపాయం ఒక్కటే. అందరూ ఒకే రాత్రి, దాదాపు ఒకే గంటలో, అండాలనూ శుక్రకణాలనూ నీటిలోకి వదిలేయడం. ఒక్కో జీవి నోటి నుంచి ఒక చిన్న గోళీ బయటికి వస్తుంది. చాలా జాతుల్లో దాని రంగు, క్లెఫెయిరీ లాగే, గులాబీ. లక్షలాది గోళీలు మెల్లగా పైకి తేలి, ఉపరితలంపై విడిపోయి, ఇతర పగడాల నుంచి వచ్చినవాటితో కలుస్తాయి. ఒక పగడం రెండు రాత్రులు ఆలస్యంగా వదిలితే దాని శ్రమంతా వృథా. శుక్రకణాలు కొన్ని గంటల్లోనే నీటిలో పలుచబడి పనికిరాకుండా పోతాయి. పైగా అన్నీ ఒకేసారి వస్తే చేపలు తినగలిగినంత తిన్నా ఇంకా మిగులుతాయి. కొద్దికొద్దిగా వస్తే ఏదీ మిగలదు.

ఆస్ట్రేలియాలోని గ్రేట్ బారియర్ రీఫ్‌లో ఈ సామూహిక విడుదల 1980ల మొదట్లో శాస్త్రవేత్తల కంటబడింది, 1984లో ప్రపంచానికి తెలిసింది. పౌర్ణమి తర్వాత కొద్ది రాత్రులకు అది జరుగుతుంది. అంతకుముందు పగడాలు ఎక్కువగా పిల్లలను లోపలే పెంచి వదులుతాయని అనుకునేవారు. అంత పెద్ద ఘటన అంతకాలం తెలియకపోవడానికి కారణం సులభంగానే ఊహించవచ్చు: రాత్రిపూట, ఏడాదిలో ఒకటి రెండుసార్లు, కొన్ని నిమిషాలు మాత్రమే జరిగేదాన్ని చూడాలంటే సరిగ్గా ఆ రాత్రి నీటిలో ఉండాలి. మన దేశంలో మన్నార్ సింధుశాఖలోని ఆక్రోపోరా పగడాలు మార్చి నెలలో ఇలా అండాలను వదులుతాయని తూత్తుకుడి పరిశోధకులు నమోదు చేశారు.

నెలను నీటి వేడి, ఎండ నిర్ణయిస్తాయి. రాత్రిని నిర్ణయించేది చంద్రుడు. నిండు పున్నమి వెలుగు కూడా సూర్యకాంతిలో దాదాపు నాలుగు లక్షల వంతు మాత్రమే. అంత మసక వెలుగును కళ్లు లేని జీవి పసిగట్టడం ఎలా? 2007లో ఆక్రోపోరా మిల్లెపోరా అనే పగడంలో నీలి కాంతికి స్పందించే క్రిప్టోక్రోమ్ జన్యువులు ఉన్నట్టు తేలింది. వాటిలో ఒకటి పౌర్ణమి రాత్రుల్లో అమావాస్య కంటే ఎక్కువగా పనిచేస్తుంది.

ఈ ప్రోటీన్లు ఎలా పనిచేస్తాయో మరింత స్పష్టంగా తెలిసింది ప్లాటినెరిస్ అనే సముద్రపు పురుగులో. క్లెఫెయిరీ నాట్యం గుర్తుందా? ఈ పురుగు కూడా అడుగున గొట్టంలో దాక్కుని బతుకుతుంది. వయసు వచ్చాక, చంద్రమాసంలోని కొన్ని రాత్రుల్లో పైకి ఈదుకొస్తుంది. ఆడ, మగ పురుగులు ఉపరితలం మీద ఒకదాని చుట్టూ ఒకటి గిరగిరా తిరుగుతూ బీజకణాలను వదిలి, ఆ తర్వాత చనిపోతాయి. దాని జీవితంలో నాట్యం ఒక్కసారే. వియన్నా, మైంజ్ నగరాల శాస్త్రవేత్తలు 2022లో దీని 'ఎల్-క్రై' ప్రోటీన్ గురించి ఒక ఆసక్తికరమైన విషయం ప్రచురించారు. ఈ ప్రోటీన్ జంటగా ఉంటుంది, జంటలో ఒక్కోదానికి కాంతిని పీల్చే అణువు ఒకటి. సూర్యకాంతి పడితే రెండు అణువులూ వేగంగా మారిపోతాయి. వెన్నెల గంటల తరబడి పడినా సుమారు సగమే మారతాయి. ఆ సగం మారిన స్థితే పురుగుకు 'ఇది చంద్రుడు' అనే గుర్తు. రెక్కల్లో వెన్నెలను పోగుచేసే ఊహకు ప్రకృతిలో ఇంతకంటే దగ్గరి పోలిక దొరకదు. ఇక్కడ పోగయ్యేది బలం కాదు, సమాచారం.

పగడాల విషయంలో ఇంకో చిక్కు ఉంది. పౌర్ణమి వెలుగే సంకేతమైతే విడుదల పౌర్ణమి నాడే జరగాలి. మరి నాలుగైదు రోజులు ఆగడం ఎందుకు?

తైవాన్ తీరంలోని డిప్సాస్ట్రియా స్పీషియోసా అనే పగడంపై 2021లో వెలువడిన పరిశోధన దీనికి ఒక జవాబు చెప్పింది. చంద్రుడు రోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా ఉదయిస్తాడు. పౌర్ణమికి ముందు రోజుల్లో సూర్యుడు అస్తమించేసరికే చంద్రుడు ఆకాశంలో ఉంటాడు కాబట్టి సాయంత్రం పూర్తి చీకటి ఉండదు. పౌర్ణమి నాడు ఇటు అస్తమయం, అటు ఉదయం. ఆ మర్నాటి నుంచి సూర్యాస్తమయానికీ చంద్రోదయానికీ నడుమ ఒక చీకటి విరామం మొదలై, రోజురోజుకూ పెరుగుతుంది. పగడం గుర్తించేది ఆ విరామాన్ని. పరిశోధకులు ఆ సాయంకాలపు చీకటిని ముందుగానే కల్పిస్తే పగడాలు ముందుగానే అండాలను వదిలాయి. పగడం ఎదురుచూసేది వెన్నెల కోసం కాదు, వెన్నెలకు ముందు వచ్చే చీకటి కోసం. బిడియమున్న ప్రాణి చీకటిపడే దాకా ఆగి బయటికి రావడం లాంటిదే ఇది.

విద్యుద్దీపాలు దెబ్బతీసేది సరిగ్గా ఈ విరామాన్నే. తీరం వెంట హోటళ్లు, జెట్టీలు, రోడ్లు వెలిగితే పౌర్ణమి తర్వాత సాయంత్రాలు కూడా పౌర్ణమికి ముందు సాయంత్రాల్లాగే కనిపిస్తాయి. తెల్లని ఎల్‌ఈడీ కాంతిలో నీలం పాలు ఎక్కువ. నీటిలో ఎక్కువ లోతుకు దిగేది, క్రిప్టోక్రోమ్ స్పందించేది కూడా నీలి కాంతికే. ఫిలిప్పీన్స్‌లో జరిపిన ప్రయోగంలో రాత్రి దీపాల కింద ఉంచిన ఆక్రోపోరా పగడాల్లో అండాల ఎదుగుదల ఆలస్యమై, ఒకదానితో ఒకటి పొంతన తప్పింది. 2023లో ప్రపంచవ్యాప్త గణాంకాలతో చేసిన మరో అధ్యయనం దీపకాంతి పడే దిబ్బల్లోని పగడాలు చీకటి దిబ్బలతో పోలిస్తే ఒకటి నుంచి మూడు రోజులు పౌర్ణమికి దగ్గరగా అండాలు వదులుతున్నాయని తేల్చింది. మూడు రోజుల తేడా చిన్నదిగా అనిపించవచ్చు. కాని పక్క దిబ్బలోని జతకు మూడు రోజుల ముందు తలుపు తట్టడం అంటే ఖాళీ ఇంటికి వెళ్లడమే. ఎర్ర సముద్రంలో ఈ కాలపట్టిక చెదిరిన కొన్ని జాతుల్లో పిల్ల పగడాలు కనబడటం తగ్గిందని 2019లో ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు చూపారు.

అండమాన్ దిబ్బలకు ఇది అదనపు దెబ్బ. 2004 డిసెంబరు భూకంపంలో ఉత్తర అండమాన్ తీరం పైకి లేచి అక్కడి పగడాలు నీటి బయట ఎండిపోయాయి. దక్షిణాన శ్రీ విజయపురం పరిసరాలు సుమారు మీటరు కుంగాయి. డాలీగంజ్‌కు దగ్గరలోని సిప్పీఘాట్ వరి పొలాల్లోకి అప్పుడు చొచ్చుకొచ్చిన ఉప్పునీరు అక్కడే నిలిచిపోయింది. 2010 వేసవిలో సముద్రం వేడెక్కి దీవుల చుట్టూ పగడాలు పెద్దఎత్తున తెల్లబడ్డాయి. ఇలాంటి దెబ్బల తర్వాత దిబ్బ తిరిగి నిండాలంటే బతికిన కొద్ది పగడాల పిల్లలే దిక్కు. పగడాలు పలుచబడిన చోట ఒకే రాత్రి కలుసుకోవడం ఇంకా ముఖ్యం.

సముద్రం వేడిని తగ్గించడం ఒక్క దీవి వల్ల అయ్యే పని కాదు. దీపాల సంగతి అలా కాదు. తీరం వైపు దీపాలకు పైకప్పు పెట్టి వెలుగు నేల మీదే పడేలా చేయవచ్చు. నీలం తక్కువగా ఉండే పసుపు దీపాలు వాడవచ్చు. అండాలు విడుదలయ్యే నెలలో పౌర్ణమి తర్వాతి వారం అవసరం లేనివి ఆపవచ్చు. గ్రేట్ నికోబార్‌లో గుడ్లు పెట్టే తోలు తాబేళ్లకైనా, శ్రీకాకుళం, విశాఖ తీరాల్లో పొదిగే ఆలివ్ రిడ్లీ పిల్లలకైనా ఇదే మేలు. ఇసుకలోంచి బయటపడ్డ తాబేలు పిల్ల ఎటు వెలుగు ఎక్కువుంటే అటే నడుస్తుంది, అది సముద్రమో రోడ్డో దానికి తెలియదు.

పాత ఇరవై రూపాయల నోటు వెనుక ఉన్న బొమ్మ శ్రీ విజయపురం నుంచి కనిపించే నార్త్ బే తీరం, దాని లైట్‌హౌస్. నావికులకు దారి చూపే ఆ దీపాన్ని ఎవరూ ఆపమనరు. దాని కింది నీటిలో పగడాలకు కావలసింది పౌర్ణమి దాటిన కొన్ని సాయంత్రాలు, చంద్రుడు లేచేలోపు యాభై నిమిషాలో, గంటన్నరో చీకటి.