చిన్నపిల్లల టీచరుకు చదువుకునే వేళ ఎవరిస్తారు?



మన సంఘాల్లో ఆదివారం ఆరాధనకు వచ్చే సహోదరీల్లో అంగన్‌వాడీ టీచర్లు, ఆయాలు, ప్లేస్కూల్ టీచర్లు చాలామంది ఉన్నారు. జహీరాబాద్ పట్టణంలోనే కాదు, కోహీర్, ఝరాసంగం, న్యాల్‌కల్, మొగుడంపల్లి మండలాల ఊళ్లలో, తండాల్లో కూడా వాళ్లు పని చేస్తున్నారు. ఈమధ్య వాళ్ల నోట తరచుగా వినబడే మాట ఒకటుంది: "ట్రైనింగ్ ఇప్పుడు ఫోన్‌లోనే వస్తోంది. వీలున్నప్పుడు చూసుకోమంటున్నారు." వినడానికి ఇది మంచి మాటే. కానీ ఆ "వీలున్నప్పుడు" అనేది రోజులో ఎక్కడుంది? ఈ వారం ఆ సంగతి ఆలోచిద్దాం.

పని ఎంత పెద్దదో ముందు చూద్దాం

సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం 1975 అక్టోబర్ 2న దేశంలో 33 ప్రాజెక్టులతో మొదలైంది. ఇప్పుడు ఒక్క తెలంగాణలోనే 149 ప్రాజెక్టుల కింద 35,700 అంగన్‌వాడీ కేంద్రాలున్నాయి. చాలామంది అంగన్‌వాడీ అంటే గుడ్డు, పప్పన్నం అనుకుంటారు. నిజానికి ఆ టీచరు చేతిలో ఆరు సేవలున్నాయి: పోషకాహారం, బడికి ముందటి చదువు, ఆరోగ్య బోధన, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, అవసరమైన బిడ్డను ఆసుపత్రికి పంపడం. 2015 జనవరిలో ఆరోగ్యలక్ష్మి మొదలైనప్పటి నుంచి గర్భిణులకు, బాలింతలకు కేంద్రంలోనే ఒక పూట భోజనం పెడుతున్నారు. పిల్లల బరువు, ఎత్తు కొలవాలి. బాలామృతం పంచాలి. ఇళ్లకు వెళ్లి చూడాలి. ఇదంతా 2021లో వచ్చిన పోషణ్ ట్రాకర్‌లో ఎక్కించాలి. ఓటర్ల జాబితా పని కూడా చాలామంది మీదే పడుతుంది.

సాయంత్రం కేంద్రానికి తాళం వేసి ఇల్లు చేరితే అక్కడ వంట, అంట్లు, పిల్లల హోంవర్క్, అత్తమామల మందులు ఎదురుచూస్తుంటాయి. ఇక చదువుకునే వేళ రాత్రి పదకొండు తర్వాతే. ఆ వేళకు కళ్లు మూతపడుతుంటాయి.

శిక్షణ ఎందుకు కావాలి?

"ఇరవై ఏళ్లుగా పిల్లల్ని చూసుకుంటున్న ఆమెకు కొత్తగా నేర్పేదేముంది?" అని కొందరు అడుగుతారు. మనిషి మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా ఆరేళ్లలోపే జరుగుతుందని 2020 జాతీయ విద్యా విధానం చెబుతోంది. అంటే బిడ్డ బడి మెట్టు ఎక్కకముందే చాలా పని జరిగిపోతుంది. మన ప్రాంతంలో ఆ పనిలో పెద్ద భాగం అంగన్‌వాడీ టీచరుదే. ఇంట్లో ఒక బిడ్డ తెలుగు మాట్లాడుతుంది, ఇంకొకరు ఉర్దూ, తండా నుంచి వచ్చిన బిడ్డ లంబాడీ, సరిహద్దు ఊళ్లలో కన్నడ. నలుగురినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి మాటలు నేర్పడానికి ప్రేమ కావాలి, పద్ధతి కూడా కావాలి.

అపొల్లో సంగతి మనకు తెలుసు. ఆయన లేఖనాల్లో ప్రవీణుడు, గొప్ప వక్త. అయినా ప్రిస్కిల్ల, అకుల ఆయనను ఇంటికి చేర్చుకొని దేవుని మార్గాన్ని మరింత పూర్తిగా వివరించారు. తెలిసినవాడు ఇంకా నేర్చుకున్నందుకు ఆయన గౌరవం తగ్గలేదు. ఇంకో సంగతి గమనించండి: ఆయనకు నేర్చుకునే చోటు దొరికింది ఒక ఇంట్లో, చేర్చుకున్నవాళ్ల మధ్య.

శిక్షణ వెనుక బతుకుతెరువు కూడా ఉంది. 2022 ఆగస్టులో వచ్చిన సక్షమ్ అంగన్‌వాడీ మార్గదర్శకాల ప్రకారం, ఐదేళ్ల అనుభవమున్న ఆయాలతో టీచరు పోస్టుల్లో సగం, ఐదేళ్ల అనుభవమున్న టీచర్లతో సూపర్‌వైజరు పోస్టుల్లో సగం భర్తీ చేయాలి. వీటికి తగిన విద్యార్హత కూడా ఉండాలి. అదే ఏడాది ఏప్రిల్ 25న అంగన్‌వాడీ సిబ్బంది గ్రాట్యుటీకి అర్హులని సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఇది ఏదో ఖాళీగా ఉండి చేసే సేవ కాదు, ఒక వృత్తి అని దేశం మెల్లగా ఒప్పుకుంటోంది. వృత్తి అన్నాక అర్హత అడుగుతారు.

ఏయే దారులున్నాయి?

పూర్వం ఉద్యోగ శిక్షణ అంటే ఇల్లు విడిచి శిక్షణ కేంద్రంలో వారాల తరబడి ఉండాల్సి వచ్చేది. చంటిబిడ్డ తల్లికి అదెంత కష్టమో చెప్పనక్కరలేదు. 2018లో పోషణ్ అభియాన్ వచ్చాక పాఠాలను 21 భాగాలుగా విడదీసి, సెక్టార్ సమావేశాల్లో కొంచెం కొంచెంగా నేర్పే పద్ధతి తెచ్చారు. 2023 మే 10న "పోషణ్ భీ పఢాయీ భీ" మొదలైంది. టీచర్లకు ఇందులో మూడు రోజుల శిక్షణ ఉంటుంది. రోజుకు కనీసం రెండు గంటలు పిల్లలకు ఆటపాటలతో చదువు చెప్పాలన్నది దాని ఉద్దేశం.

జాతీయ విద్యా విధానం ఇంకో మాట కూడా చెప్పింది. ఇంటర్ లేదా అంతకన్నా ఎక్కువ చదివిన అంగన్‌వాడీ టీచర్లకు ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సు, అంతకన్నా తక్కువ చదివినవారికి ఏడాది డిప్లొమా. వీటిని టీవీ ఛానెళ్లు, స్మార్ట్‌ఫోన్ల ద్వారా, చేస్తున్న పనికి ఆటంకం లేకుండా నడపవచ్చని, నెలకు కనీసం ఒక్కసారి ముఖాముఖి తరగతి ఉండాలని రాసింది. ఆ నెలవారీ తరగతి మాటను మరచిపోవద్దు. ఫోన్ ఒక్కటే చాలదని ఆ విధానమే ఒప్పుకుంది.

సొంతంగా చదవదలచినవారికి ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం దూరవిద్యలో శిశు సంరక్షణ, విద్య డిప్లొమా నడుపుతోంది. దానికి ఇంటర్ పాసై ఉండాలి. కేంద్ర ప్రభుత్వ దీక్షా యాప్‌లో పాఠాలు ఉచితం. నెట్ ఉన్నచోట దింపుకొని, లేనిచోట చూసుకోవచ్చు.

రోజులో ఎలా ఇమిడించుకోవాలి?

మొదటిది, చిన్న ముక్క. రోజుకు ఇరవై నిమిషాలు, వారానికి ఐదు రోజులు కూర్చుంటే ఆరు నెలల్లో 43 గంటలు దాటుతుంది. ఒక రాత్రి నాలుగు గంటలు కూర్చొని సగం నిద్రలో వీడియో నడిపించడం కంటే ఇది మేలు.

రెండవది, ఒకే వేళ. "తీరిక దొరికినప్పుడు" అనుకుంటే ఎప్పటికీ దొరకదు. తెల్లవారి నీళ్లు పట్టకముందో, సాయంత్రం టీ తర్వాతో ఒక వేళ పెట్టుకొని ఇంట్లో అందరికీ చెప్పాలి.

మూడవది, నేర్చుకున్నది మర్నాడే చేసి చూడటం. కథ చెప్పడం గురించి పాఠం విన్నారనుకోండి. మర్నాడు కథ మధ్యలో ఆపి, "తర్వాత ఏమైందంటారు?" అని పిల్లల్ని అడగండి. లెక్కల గురించి విన్నారా, చింతగింజలు తీసుకొని కుప్పలు పెట్టించండి. ఏ బిడ్డ ఏం చేసిందో నోట్‌బుక్‌లో రెండు లైన్లు రాసుకోండి. పరీక్షనాడు ఆ నోట్‌బుక్కే అక్కరకొస్తుంది.

నాలుగవది, జత. ఇద్దరు ముగ్గురు టీచర్లు కలిసి ఒకే పాఠం వింటే, ఒకరికి అర్థం కానిది ఇంకొకరు చెబుతారు. మన పక్కనున్న పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల స్త్రీలు, వారిలో అక్షరం రాని దళిత స్త్రీలు సైతం, వీడియో కెమెరా పట్టి సినిమాలు తీశారు. 2008లో మాచ్‌నూర్‌లో సంఘం రేడియో పెట్టి నడిపారు. మన గడ్డ మీద ఆడవాళ్లకు యంత్రం ఎప్పుడూ అడ్డు కాలేదు. కలిసి కూర్చునే చోటు, చేతిలో పనిముట్టు ఉంటే చాలు, నేర్చుకున్నారు.

కొన్ని జాగ్రత్తలు

పిల్లలు కేంద్రంలో ఉన్నంతసేపు చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకొని పాఠం వినడం వద్దు. మూడేళ్ల బిడ్డ గేటు దాటడానికి అర నిమిషం చాలు. పనివేళల్లోనే చూడమని పైవారు చెబితే, పిల్లల దగ్గర ఎవరుంటారో ముందే తేల్చుకోవాలి. వీడియో నడిపించి వంట చేసుకుంటే సర్టిఫికెట్ రావచ్చు, బిడ్డకు మాత్రం ఏమీ రాదు. డబ్బు కడితే పరీక్ష లేకుండా డిప్లొమా ఇస్తామనేవారిని నమ్మవద్దు. దూరవిద్య కోర్సుకు యూజీసీ గుర్తింపు ఉందో లేదో చూసుకోండి. పాఠాలు ఏ భాషలో ఉన్నాయి, పరీక్ష ఎక్కడ రాయాలి, ఈ సర్టిఫికెట్ పదోన్నతికి పనికొస్తుందా అనేవి డబ్బు కట్టకముందే సీడీపీఓ కార్యాలయంలో అడగండి.

సంఘం చేయవలసింది

ఇక్కడ అసలు మాటకు వస్తాను. ఆన్‌లైన్ శిక్షణ రోజుకు ఇరవై ఐదో గంటను తెచ్చిపెట్టదు. చదువు వేళను మార్చుకోవచ్చని మాత్రమే అంటుంది. ఆ వేళ ఎవరో ఒకరు విడిచిపెడితేనే ఆమెకు దొరుకుతుంది. ఎవరూ విడవకపోతే ఆమె తన నిద్రలోంచి తీసుకుంటుంది. చాలా ఇళ్లలో ఇప్పుడు జరుగుతున్నది అదే.

కాబట్టి భర్తలకు ఒక మాట. ఆ ఇరవై నిమిషాలు అంట్లు మీరు కడగండి, పిల్లల పుస్తకాలు మీరు చూడండి. ఇంట్లో ఒకటే ఫోన్ ఉంటే ఆ వేళ అది ఆమెది. అత్తమ్మలకు ఒక మాట. కోడలు ఫోన్ పట్టుకుంటే సీరియల్ చూస్తోందని అనుకోకండి, ఏం నేర్చుకుంటోందో అడగండి.

పాస్టర్లకు, సంఘ పెద్దలకు ఒక మాట. వారంలో ఆరు రోజులు మన మందిరపు హాలు ఖాళీగానే ఉంటుంది. వారానికి ఒక సాయంత్రం దాన్ని తెరిచి, లైటు, ఫ్యాను, నెట్ ఇస్తే చుట్టుపక్కల కేంద్రాల టీచర్లు, ఏ మతంవారైనా, కలిసి కూర్చొని చదువుకోగలరు. డిగ్రీ చదివే మన యవనస్థులు యాప్ పెట్టించి, పాఠాలు దింపి ఇవ్వగలరు. స్త్రీల సమాజం వాళ్ల పసిపిల్లల్ని గంటసేపు చూసుకోగలదు. పరీక్షల నెలలో సండే స్కూల్ బాధ్యత నుంచి, క్వయర్ ప్రాక్టీస్ నుంచి వాళ్లకు సెలవివ్వండి. సంఘంలో చురుగ్గా ఉన్న స్త్రీ మీదే అన్ని పనులూ వేయడం మనకు అలవాటు. ఆమె అడగకముందే కొన్ని మనం తీసేద్దాం.

వచ్చే నెల మొదటి ఆదివారం ఆరాధన తర్వాత మీ సంఘంలోని అంగన్‌వాడీ టీచర్లను, ఆయాలను రెండు ప్రశ్నలు అడగండి: ఏం చదువుతున్నారు? పరీక్ష ఎప్పుడు? ఆ తేదీని పెళ్లిళ్లు, కూడికలు రాసే క్యాలెండర్‌లోనే రాసి పెట్టండి. మిగతా సహాయం అక్కడి నుంచి మొదలవుతుంది.