థైరాయిడ్ మాత్ర: రిపోర్టు నార్మల్ వస్తే ఆపేయొచ్చా?

ఆదోని, ఎమ్మిగనూరు వీధుల్లో థైరాయిడ్ మాత్ర ఇప్పుడు కొత్త కాదు. దాని గురించి వినిపించే మాటల్లో మాత్రం నిజం కన్నా భయమే ఎక్కువ.

అపోహ: ఉప్పు వల్లే వచ్చింది. సైంధవ లవణం వాడితే పోతుంది.

వాస్తవం: ఒకప్పుడు గొంతు వాపుకు (గాయిటర్) అయోడిన్ లోపమే పెద్ద కారణం. అందుకే 1962లో మన దేశంలో గాయిటర్ నియంత్రణ కార్యక్రమం మొదలైంది. అయోడిన్ ఉప్పు అందుతున్న చోట థైరాయిడ్ మందగించడానికి ఎక్కువగా కారణమయ్యేది హషిమోటో వ్యాధి. జపాన్ వైద్యుడు హకారు హషిమోటో 1912లో నలుగురు స్త్రీల గ్రంథులను పరిశీలించి దీన్ని వర్ణించాడు. మూలం మాత్రం 1956 దాకా బయటపడలేదు. ఆ ఏడాది లండన్‌లో రోయిట్, డోనియాక్ బృందం రోగుల రక్తంలో సొంత థైరాయిడ్‌పైనే దాడి చేసే యాంటీబాడీలను కనిపెట్టింది. అంటే ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే గ్రంథిని దెబ్బతీస్తోంది. వంశంలో ఉన్న జన్యువులు దీని ముప్పును పెంచుతాయి. మగవాళ్లకన్నా ఆడవాళ్లలోనే చాలా ఎక్కువ. ఉప్పు మారిస్తే ఇది పోదు. అయోడిన్ కలపని సైంధవ లవణానికి మారితే గర్భిణికి, బిడ్డకు అయోడిన్ తగ్గే ముప్పు మాత్రం ఉంది.

అపోహ: టీఎస్‌హెచ్ (థైరాయిడ్ రక్తపరీక్ష) నార్మల్ వచ్చింది, ఇక మాత్ర అక్కర్లేదు.

వాస్తవం: ఎక్కువ మందిని దెబ్బతీసే అపోహ ఇదే. మాత్ర వేసుకుంటున్నారు కాబట్టే నార్మల్ వచ్చింది. మాత్రలోని థైరాక్సిన్ ఒంట్లో సగానికి తగ్గడానికి దాదాపు వారం పడుతుంది. అందుకే మానేసిన కొన్ని రోజులు ఏమీ తెలియదు, 'మానేసినా బాగానే ఉన్నానే' అనిపిస్తుంది. నీరసం, మలబద్ధకం, జుట్టు రాలడం తర్వాత నెమ్మదిగా మొదలవుతాయి. గ్రంథి చేయలేని హార్మోన్‌నే ఈ మాత్ర ఇస్తుంది. తగిన మోతాదులో హాని లేదు.

వేసుకునే తీరూ ముఖ్యమే. పొద్దున్నే పరగడుపున మంచినీళ్లతో మింగి, టీకి, ఉగ్గానికి అరగంట నుంచి గంట ఆగాలి. ఐరన్, కాల్షియం మాత్రలకు నాలుగు గంటల ఎడం ఇవ్వాలి.

అపోహ: కడుపుతో ఉన్నప్పుడు మాత్ర బిడ్డకు పడదు.

వాస్తవం: మొదటి నెలల్లో బిడ్డ మెదడు ఎదుగుదలకు తల్లి థైరాయిడ్ హార్మోనే ఆధారం. ఆ సమయంలో మోతాదు తరచూ పెంచాల్సి వస్తుంది. ఏఎన్ఎమ్ అక్క ఇచ్చే ఐరన్ మాత్రలనూ దీన్నీ ఒకేసారి మింగేవాళ్లు ఎందరో! అలా మింగితే మందు ఒంటికి సరిగా పట్టదు.

క్యాబేజీ భయం అనవసరం, వండుకుని మామూలుగా తినవచ్చు. పసరు మందులతో యాంటీబాడీలు పోతాయనడానికి ఆధారం లేదు. పిల్లలకు వచ్చే టైప్-1 షుగర్‌లోనూ రక్షణ వ్యవస్థ చేసే పొరపాటు ఇలాంటిదే. తీపి తినడం వల్ల రాదు. అక్కడ ఇన్సులిన్ ఆపితే రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది.

అమ్మలారా, అక్కలారా, డాక్టరు చెప్పకుండా మాత్ర ఆపకండి. గర్భం అని తెలిసిన వారంలోనే టీఎస్‌హెచ్ చేయించుకోండి.