సాము

ఆధారము లేని వాదమును విన్నప్పుడు “ఇది నేల విడిచి సాము” అని త్రోసిపుచ్చుట తెలుగువారికి పరిపాటి. న్యాయస్థానములందును, సభలయందును, పత్రికలయందును ఈ మాట తఱచుగ వినవచ్చును. అయితే సామనగా నేమి? దానికిని నేలకును గల సంబంధమేమి? ఈ ప్రశ్న వేసికొనువారు అరుదు.

సామనగా ఆయుధాభ్యాసము. కత్తిసాము, కఱ్ఱసాము అను మాటలు అందఱును ఎఱిగినవే. నిఘంటుకారులు దీనిని సంస్కృతమందలి ‘శ్రమ’ శబ్దమునుండి వచ్చినదానినిగా చూపుదురు. శ్రమయనగా అలసట మాత్రమే కాదు. ఆయుధములతో చేయు సాధనమునకును సంస్కృతమున నదియే పేరు. కన్నడమునందును సాము అనియే వ్యవహారము. ఇంగ్లీషువారి ‘ఫెన్సింగు’ అను మాట ‘డిఫెన్సు’ అనుదాని కుదింపు. అది రక్షణమను ప్రయోజనమును చెప్పుచున్నది. మన మాట ఫలమును చెప్పదు. దానికై పడవలసిన పాటును మాత్రమే చెప్పును. ఈ భేదము చిన్నది కాదు.

సాము నేర్చు చోటు గరిడి. దీనిని గారడితో కలపరాదు. సర్పవిషమును హరించు ‘గారుడ’ విద్యనుండి వచ్చిన గారడి కనికట్టునకు పేరైనది. గరిడిలో కనికట్టు లేదు, మట్టినేల గలదు. అడుగు కుదురనిదే వ్రేటు కుదురదు. సామెతయందలి భావ మిదియే.

బెంగుళూరున వివిధవృత్తులలో నున్న మనవారు ఈ మాటకై నిఘంటువులను మాత్రమే ఆశ్రయింప నక్కఱలేదు. ఈ నగరపు పాతపేటలలో ‘గరడి మనె’లు కొన్ని నేటికిని నిలిచియున్నవి. చైత్రపూర్ణిమనాటి రాత్రి ధర్మరాయస్వామి ఆలయమునుండి కరగము వెడలునపుడు, దూసిన కత్తులతో దానిని కాచు వీరకుమారులు గరడిలతో సంబంధము గలవారే. వారి ‘అలగు సేవ’ యందలి అలగు, ఆయుధపు మొనకు మనము చెప్పు అలుగునకు తోబుట్టువు.

టోక్యో ఒలింపిక్సులో, 2021 సంవత్సరమున, భవానీదేవి కత్తి పట్టి, ఆ క్రీడలయందు ఫెన్సింగులో పాల్గొన్న మొదటి భారతీయురాలైనది. ఆ క్రీడ తన పేరుతోనే మనయొద్దకు వచ్చుట తప్పుకాదు. కాని మన పిల్లలకు ఆ పేరు తెలిసి సాము తెలియకుండుట లోపమే. గరిడి మూతబడినచో సాము సామెతలో మాత్రమే మిగులును. అప్పుడు మాటయే నేల విడిచినదగును. తల్లిదండ్రులు ఒక ఆదివారము పిల్లలను వెంటబెట్టుకొని పాతపేటలోని గరిడికి పోయి, ఆ మట్టిని చూపి రావలెనని మా మనవి.