వరుస తప్పితే వాటా తప్పుతుంది

రిజర్వేషన్లపై మన చర్చ అంతా శాతాల చుట్టూనే తిరుగుతుంది. ఎవరికి ఎంత అన్న ప్రశ్నకు రాజ్యాంగ సవరణలు, కమిషన్ల నివేదికలు, న్యాయస్థానాల తీర్పులు సమాధానం చెబుతూ వచ్చాయి. ఆ శాతాన్ని ఏ వరుసలో లెక్కించాలన్నది మాత్రం గుమాస్తాల వ్యవహారంగా మిగిలిపోయింది. ఒకప్పుడు ఆ వరుస రోస్టర్ రిజిస్టరులో కంటికి కనబడేది. ఇప్పుడది విశ్వవిద్యాలయాల సాఫ్ట్‌వేర్ లోపలికి వెళ్లింది. అక్కడ ఎవరు ముందు, ఎవరు తరువాత అన్నది ఎవరి ఆదేశంతో తేలుతోందో అడిగేవారు అరుదు.

వరుస మారితే వాటా ఏమవుతుందో ఈ దేశం ఇటీవలే చూసింది. అధ్యాపక నియామకాల్లో విశ్వవిద్యాలయాన్ని కాక, విభాగాన్ని యూనిట్‌గా తీసుకోవాలని 2017లో అలహాబాద్ హైకోర్టు తీర్పు చెప్పింది. దాని ఆధారంగా 2018లో యూజీసీ ఉత్తర్వులిచ్చింది. 200 పాయింట్ల రోస్టర్ స్థానంలో 13 పాయింట్ల రోస్టర్ వచ్చింది. శాతాల్లో ఒక్క అంకె మారలేదు. అయినా ఓబీసీకి తొలి పోస్టు నాలుగో స్థానంలో, ఎస్సీకి ఏడో స్థానంలో, ఎస్టీకి పద్నాలుగో స్థానంలో వచ్చే ఆ లెక్కలో మూడు పోస్టులున్న విభాగానికి ఈ వర్గాల కోటా వర్తించే అవకాశమే లేకుండా పోయింది. దేశవ్యాప్త ఆందోళన తరువాత 2019లో ఆర్డినెన్సు, ఆపై చట్టం తెస్తే గాని పరిస్థితి చక్కబడలేదు. ఆ పోరాటం సాధ్యపడిందంటే కారణం ఒక్కటే: మారిన వరుస కాగితం మీద ఉంది, చదివినవారికి అర్థమైంది. సాఫ్ట్‌వేర్‌లో మారే వరుసకు ఆ గుణం లేదు.

డేటాబేస్‌లో ట్రిగ్గర్ అనే ఏర్పాటు ఉంటుంది. పట్టికలో కొత్త వరుస చేరినప్పుడు, ఉన్నది మారినప్పుడు, తొలగినప్పుడు దానంతటదే నడిచే చిన్న ప్రోగ్రాం అది. విద్యార్థి చేరిక నమోదు కాగానే సీట్ల సంఖ్య తగ్గించడం, ఫీజు లెక్క కట్టడం, హాల్ టికెట్‌కు అనుమతి ఇవ్వడం వంటి పనులకు దానిని వాడుకోవచ్చు. ఒకే సంఘటనకు రెండు మూడు ట్రిగ్గర్లు ఉంటే ఏది ముందు నడవాలి? దీనికి ఒక్కో డేటాబేస్ ఒక్కో జవాబు చెబుతుంది. పోస్ట్‌గ్రెస్‌లో ఒకే తరహా ట్రిగ్గర్లు పేర్ల అక్షర క్రమంలో నడుస్తాయి. మైఎస్‌క్యూఎల్‌లో విడిగా చెప్పకపోతే సృష్టించిన క్రమంలో నడుస్తాయి. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో మొదటిది, చివరిది మాత్రమే నిర్ణయించవచ్చు. మధ్యవాటి క్రమానికి హామీ లేదు. ఒరాకిల్‌లో 11జీ వెర్షన్ వచ్చేవరకు ఒకే తరహా ట్రిగ్గర్ల వరుసను శాసించే మార్గమే ఉండేది కాదు.

ఈ సాంకేతిక వివరం సామాజిక న్యాయాన్ని ఎలా తాకుతుందో ఒక ఊహాజనిత ఉదాహరణతో చూద్దాం. ఒక కోర్సులో 10 సీట్లున్నాయి. 8 ఓపెన్, 2 ఎస్సీ. ర్యాంకుల వారీగా ఒక్కొక్కరినీ చేర్చుకుంటున్నారు. ఎస్సీ విద్యార్థుల ర్యాంకులు 3, 7, 15, 22. సాఫ్ట్‌వేర్‌లో రెండు ట్రిగ్గర్లున్నాయి. ఒకటి ఓపెన్ సీటు మిగిలి ఉందా అని చూసి ఇస్తుంది. మరొకటి అభ్యర్థి కేటగిరీలో సీటు ఉందా అని చూసి ఇస్తుంది. ముందు నడిచినది సీటు ఇచ్చేస్తే రెండోది మిన్నకుంటుంది.

ఓపెన్ ట్రిగ్గర్ ముందు నడిస్తే మొదటి ఎనిమిది ర్యాంకులవారికి ఓపెన్ సీట్లు దక్కుతాయి. వారిలో 3, 7 ర్యాంకుల ఎస్సీ విద్యార్థులూ ఉంటారు. ఎస్సీ సీట్లు 15, 22 ర్యాంకుల వారికి చేరతాయి. మొత్తం నలుగురు. కేటగిరీ ట్రిగ్గర్ ముందు నడిస్తే 3, 7 ర్యాంకుల వారు ఎస్సీ కోటాలోకి నెట్టబడతారు. ఓపెన్ సీట్లు 9, 10 ర్యాంకుల వరకు జారుతాయి. 15, 22 ర్యాంకుల పిల్లలు ఇంటికి వెళ్లిపోతారు. మొత్తం ఇద్దరే. పోస్ట్‌గ్రెస్‌లో ఈ రెండు ట్రిగ్గర్లకు ‘కేటగిరీ’, ‘ఓపెన్’ అని ఇంగ్లిషులో పేర్లు పెడితే సి అక్షరం ఓ కంటే ముందుంటుంది కనుక ఈ రెండో ఫలితమే వస్తుంది. ఇద్దరు దళిత విద్యార్థుల భవిష్యత్తును ఇంగ్లిషు అక్షరమాల తేల్చేస్తుందన్నమాట.

చట్టం ఈ విషయంలో స్పష్టంగా ఉంది. బహిరంగ పోటీలో ప్రతిభతో ఎంపికైన రిజర్వుడు అభ్యర్థిని కోటాలో లెక్కించరాదని 1992లో ఇంద్రా సాహ్ని తీర్పు చెప్పింది. అలాంటి విద్యార్థి తనకు నచ్చిన కళాశాల కోసం రిజర్వుడు సీటు ఎంచుకున్నా, దానిని కోటా లెక్కలో కలపరాదని 1996లో రితేశ్ సాహ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఓపెన్ కేటగిరీ ఏ కులానికీ కేటాయించిన కోటా కాదని, అందరికీ తెరిచి ఉన్నదని 2020లో సౌరవ్ యాదవ్ తీర్పు మరోసారి స్పష్టం చేసింది. ఇవన్నీ ప్రధానంగా వరుసకు సంబంధించిన తీర్పులే. వాటిని అమలు చేయవలసిన యంత్రంలో వరుస రాసి లేకపోతే తీర్పు గ్రంథాలయానికే పరిమితమవుతుంది.

ఇది సాంకేతిక పొరపాటు మాత్రమే, ఇందులో కులం ఎక్కడుందని కొందరు అడగవచ్చు. ప్రోగ్రాం రాసినవారికి దురుద్దేశం ఉండనక్కరలేదు. అయితే ఈ పొరపాటు వల్ల రిజర్వుడు వర్గాలకు ఒక్క సీటు కూడా పెరగదు. నష్టం ఎప్పుడూ ఒకే వైపు. పైగా అది తనిఖీకి దొరకదు. పై ఉదాహరణలో రెండు ఎస్సీ సీట్లు, ఇద్దరు ఎస్సీ విద్యార్థులు. నివేదికలో కోటా నూరు శాతం భర్తీ. లాభపడినవారు ఫిర్యాదు చేయరు. నష్టపోయినవారికి తాము నష్టపోయామన్న సంగతే తెలియదు.

చేరిక తరువాత కూడా ఈ ప్రమాదం వెంటాడుతుంది. ధ్రువపత్రం పరిశీలన పూర్తయ్యాక కులాన్ని నమోదు చేసే ట్రిగ్గర్ ఒకటి, ఫీజు లెక్క కట్టేది మరొకటి ఉన్నాయనుకుందాం. ఫీజుది ముందు నడిస్తే కేటగిరీ గడి ఖాళీగా ఉంటుంది. విద్యార్థి పేరిట పూర్తి ఫీజు బకాయి పడుతుంది. ఆ బకాయి చూసి మూడో ట్రిగ్గర్ హాల్ టికెట్ ఆపేస్తుంది. రీయింబర్స్‌మెంట్ మీద ఆధారపడి చదివే కూలీ కుటుంబపు బిడ్డ పరీక్షల ముందు కార్యాలయాల చుట్టూ తిరగాలి. ‘సిస్టమ్ చూపిస్తోంది’ అన్న ఒక్క మాటతో కౌంటరు మూతపడుతుంది.

తెలుగు రాష్ట్రాల్లో ఈ ప్రశ్నకు ఇప్పుడు మరింత ప్రాధాన్యం ఉంది. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఎస్సీ వర్గీకరణను సమర్థించింది. 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణ మూడు గ్రూపులకు 1, 9, 5 శాతాల చొప్పున అమలు మొదలుపెట్టింది. ఆంధ్రప్రదేశ్ కూడా అదే ఏడాది వర్గీకరణ చేపట్టింది. ఇప్పటికే బీసీ ఉపవర్గాలు, ఈడబ్ల్యూఎస్, మహిళల సమాంతర రిజర్వేషన్ ఉన్న లెక్కలో కొత్త మెట్లు చేరాయి. ఓపెన్ ముందా, గ్రూపు ముందా. ఒక గ్రూపులో మిగిలిన సీటు ఎటు వెళ్లాలి. మహిళల స్థానాలు ఎప్పుడు సరిచూడాలి? పాత ప్రోగ్రాం మీద కొత్త ట్రిగ్గర్‌ను అతికించి చేతులు దులుపుకుంటే దశాబ్దాల పోరాటంతో సాధించుకున్న ఫలం లెక్కల దగ్గరే జారిపోవచ్చు.

చేయవలసినవి అసాధ్యమైనవేమీ కావు. సీటు, ఫీజు, కేటగిరీ వంటి హక్కులకు సంబంధించిన నిర్ణయాలను విడివిడి ట్రిగ్గర్లకు వదిలేయకుండా, మెట్లన్నీ పైనుంచి కిందికి వరుసగా రాసిన ఒకే ప్రోగ్రాంలో ఉంచాలి. ట్రిగ్గర్లు తప్పనిసరైతే క్రమాన్ని స్పష్టంగా ప్రకటించే సౌకర్యాన్ని వాడాలి. మైఎస్‌క్యూఎల్‌లో, ఒరాకిల్‌లో అది ఉంది. రిజర్వేషన్ జీవోతో పాటే లెక్కింపు క్రమాన్ని అనుబంధంగా ముద్రించాలి. ప్రవేశాలకు ముందు, జవాబు తెలిసిన నమూనా జాబితాలను విద్యార్థి సంఘాల సమక్షంలో నడిపి చూపాలి. సర్వర్ మారినా, వెర్షన్ మారినా ఆ పరీక్ష మళ్లీ జరపాలి. ప్రతి సీటు పక్కన అది ఓపెన్‌లో వచ్చిందో, కోటాలో వచ్చిందో ప్రచురించాలి. కంప్యూటర్ తయారుచేసిన సమాచారం కూడా 2005 నాటి సమాచార హక్కు చట్టం ప్రకారం రికార్డే. సాఫ్ట్‌వేర్ ఎవరు రాసినా, లెక్కింపు క్రమం ప్రజలకు తెలియాల్సిందే.

దళిత బహుజన విద్యార్థి సంఘాలు సీట్ల సంఖ్య అడగడంతో ఆగకూడదు. ఈ ఏడాది ప్రవేశాల నోటిఫికేషన్ వెలువడే ముందే ప్రతి విశ్వవిద్యాలయ రిజిస్ట్రార్ ముందు ఒక రాతపూర్వక ప్రశ్న ఉంచాలి: మీ సాఫ్ట్‌వేర్ ఏ సీటును ముందు నింపుతుంది, ఆ క్రమం ఎక్కడ రాసి ఉంది? దానికి రాతపూర్వకంగానే జవాబు రాబట్టాలి.