నీటికి సుస్తీ చేస్తే...



"చెరువుకు వైట్ స్పాట్ వచ్చిందట" అన్న మాట చెవిన పడితే చాలు, మన కోస్తా ఊళ్ళలో ముఖాలు వాడిపోతాయి. నిన్నటిదాకా మేత బాగా తిన్న రొయ్యలు గట్టువారకు చేరి నీరసంగా తిరుగుతాయి. పెంకు మీద తెల్లని మచ్చలు తేలతాయి. మూడు నుంచి పది రోజుల్లో చెరువంతా ఖాళీ కావచ్చు. రైతు అప్పుల పాలవుతాడు. పట్టుబడి లేకపోతే వల లాగేవారికీ, రొయ్య తలలు తీసే ఆడవాళ్ళకీ కూలి ఉండదు. మాలో చాలామంది అమ్మానాన్నలు చేసే పనులు ఇవే. అందుకే ఈ విషయం రాయాలనుకున్నాము.

వైరస్ ఎక్కడిది?

ఈ తెల్లమచ్చ వైరస్ 1992 ప్రాంతంలో తూర్పు ఆసియా దేశాల్లో బయటపడింది. 1994లో మన తీరానికి వచ్చింది. అప్పట్లో నెల్లూరు వైపు టైగర్ రొయ్యల సాగు మంచి జోరు మీద ఉంది. 1994-95లో పంటలు ఘోరంగా దెబ్బతిన్నాయి. దీనిని నయం చేసే మందు ఈనాటికీ లేదు. అయితే ఇది మనుషులకు సోకదు.

వైరస్ ఒక్కటే కారణమా?

కాదు. పీతలు ఈ వైరస్‌ను మోస్తూ కూడా మామూలుగా తిరుగుతుంటాయి. రొయ్యల్లో కూడా అది కొద్దిగా ఉండి, కొన్నాళ్ళు బయటపడకపోవచ్చు. జబ్బును శాస్త్రవేత్తలు మూడు వృత్తాలుగా చూపుతారు. ఒకటి జీవి, రెండవది క్రిమి, మూడవది పరిసరం. మూడూ కలిసిన చోటే జబ్బు పుడుతుంది. చెరువులో పరిసరం అంటే ప్రధానంగా నీరే.

నీటిలో ఏం జరుగుతుంది?

1. వేడి, చలి: రొయ్యకు మనలాగా ఒంట్లో స్థిరమైన వేడి ఉండదు. నీరు చల్లబడితే దాని ఒళ్ళూ చల్లబడుతుంది. నీరు 32 డిగ్రీలు దాటితే ఈ వైరస్ పెరుగుదల మందగిస్తుందని ప్రయోగాల్లో తేలింది. చలికాలపు పంటకు ముప్పు ఎక్కువ కావడానికి ఇదొక కారణం.

2. వాన: పెద్ద వాన పడితే నీటిలో ఉప్పు శాతం ఒక్కసారిగా పడిపోతుంది. ఆ మార్పుకు సర్దుకోవడంలోనే రొయ్య బలం ఖర్చయిపోతుంది. అప్పుడు వైరస్‌ది పైచేయి అవుతుంది.

3. ప్రాణవాయువు: నీటిలోని నాచు పగలు ప్రాణవాయువును ఇస్తుంది. రాత్రి అదే నాచు ప్రాణవాయువును వాడుకుంటుంది. అందుకే తెల్లవారుజామున అది బాగా తగ్గిపోతుంది. మబ్బు పట్టిన రోజుల్లో మరీ ప్రమాదం. ఏరేటర్లు తిప్పేది ఇందుకే.

4. కిక్కిరింపు: మన హాస్టల్లో ఒకరికి కళ్ళకలక వస్తే వారంలో గదంతా ఎర్రకళ్ళే! చెరువులోనూ అంతే. పిల్ల ఎక్కువ వేస్తే జబ్బు త్వరగా అంటుకుంటుంది. పైగా తినగా మిగిలిన మేత, విసర్జన అడుగున కుళ్ళి అమ్మోనియా పెరుగుతుంది.

5. ఒకే కాలువ: ఒక రైతు వదిలిన జబ్బు నీటినే పక్క రైతు మోటారుతో తోడుకుంటాడు. ఇక గట్టు ఎంత ఎత్తు వేసి ఏం లాభం?

2009లో వనామీ రొయ్యకు అనుమతి ఇచ్చి, రోగం లేని తల్లి రొయ్యలను దిగుమతి చేసుకున్నారు. అయినా తెల్లమచ్చ పోలేదు. పిల్ల మంచిదైనా నీరు మంచిది కాకపోతే ఫలితం ఉండదని దీనివల్ల అర్థమవుతుంది.

చేపలకూ ఇదే కథ

2003లో జపాన్‌లోని కసుమిగౌరా సరస్సులో పెంపకపు కార్ప్ చేపలు కుప్పలుగా చనిపోయాయి. కారణం కోయి హెర్పిస్ వైరస్. ఇది సుమారు 16 నుంచి 28 డిగ్రీల నీటిలో విజృంభిస్తుంది, 30 దాటితే వెనక్కి తగ్గుతుంది. ఇజ్రాయెల్‌లో 2014లో గుర్తించిన తిలాపియా వైరస్ దీనికి భిన్నం. అక్కడ అది వేసవి నెలల్లో చేపలను చంపింది. కాబట్టి ఏ క్రిమికి ఏ కాలం అనుకూలమో తెలుసుకోవడం అవసరం.

మనం ఏం చేయగలం?

పంటకూ పంటకూ మధ్య చెరువును బీటలు వారేలా ఎండబెట్టాలి. పిల్లను పీసీఆర్ పరీక్ష చేయించి, తక్కువగా వేయాలి. పీతలు రాకుండా గట్టు చుట్టూ వల కట్టాలి. జబ్బు వస్తే నీటిని క్లోరిన్‌తో శుద్ధి చేయకుండా కాలువలోకి వదలకూడదు. చచ్చిన రొయ్యలను గట్టు మీద పారవేయక సున్నం వేసి పాతిపెట్టాలి. అన్నిటికన్నా ముఖ్యం, జబ్బు వచ్చిన సంగతి దాచకుండా పక్కవారికి చెప్పాలి.

ఒక్క రైతు జాగ్రత్తపడితే చాలదు, కాలువ మీది వారంతా ఒక మాట మీద ఉండాలి. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు ఈ నాలుగు మాటలూ మన పెద్దలకు చెబుదాం. కాలువ నీరు శుభ్రంగా ఉంటే పంటా ఉంటుంది, మన ఇళ్ళలో కూలి డబ్బులూ ఉంటాయి.