తీరాన నిలిచిన ఓడలు, తీరం మింగిన ఓడలు

సులైలో నివసించే మనకు సముద్రదర్శనం కావాలంటే దమ్మాం రహదారిపై సుమారు నాలుగు వందల కిలోమీటర్లు ప్రయాణించవలసి ఉంటుంది. అయినప్పటికీ భూగర్భ శాస్త్రజ్ఞుల పరిభాషలో "సులై" అన్నది సముద్రం విడిచివెళ్ళిన ఒక ఆనవాలుకు పేరు. రియాద్ నుండి అల్ ఖర్జ్ వెళ్ళే దిక్కున దహల్ హీత్ అనే లోతైన బిలం ఉన్నది. ఆ బిలంలో స్పష్టంగా కనిపించే సున్నపురాతి పొరను "సులై ఫార్మేషన్" అంటారు. అది దాదాపు 14 కోట్ల 50 లక్షల సంవత్సరాల క్రితం, లోతు తక్కువైన సముద్రపుటడుగున పేరుకొన్న సున్నపు బురద. సముద్రం తరలిపోయినా ఇక్కడ దాని అడుగు మిగిలింది. మన ఆంధ్ర తీరంలోనో, సముద్రం ఎదుటనే ఉన్నది గాని, దానిలో మునిగిన ఓడలలో అధికభాగం ఆనవాలు లేకుండా పోయాయి. వాటి గురించి మిగిలినదల్లా బెస్తవారి జ్ఞాపకమే. ఓడలు ఎందుకు మిగలలేదు, జ్ఞాపకం ఎట్లా మిగిలింది అన్నవి ఈ వ్యాసంలో పరిశీలింపదలచిన విషయాలు.

ముందుగా కోరంగిని తలచుకొనాలి. గోదావరి పాయ సముద్రంలో కలిసే చోట వెలసిన ఈ రేవు ఒకప్పుడు ఓడల నిర్మాణానికీ, మరమ్మతుకూ ప్రసిద్ధి. ఇక్కడినుండి ఓడలెక్కి రంగూన్ చేరిన తెలుగువారిని బర్మాలో "కొరంగీలు" అని పిలిచేవారంటే ఆ రేవు ప్రఖ్యాతి ఎంతటిదో ఊహించవచ్చు. పొట్టకూటికై పరదేశం వచ్చిన మనకు ఆ కొరంగీలు ఒక విధంగా పూర్వీకులే. 1789 డిసెంబరులో వచ్చిన తుఫానులో మూడు మహాతరంగాలు ఒకదాని వెనుక ఒకటిగా ఊరిమీదికి వచ్చాయి. నదీముఖంలో లంగరు వేసుకొని ఉన్న ఓడలు యానాం పరిసరాల మైదానాలలోకి కొట్టుకుపోయాయి. మృతులు ఇరవై వేలని అంచనా. కలకత్తాలో నౌకా ప్రమాదాల విచారణాధికారిగా పనిచేసిన హెన్రీ పిడింగ్టన్ ఈ ఉపద్రవాన్ని గ్రంథస్థం చేశాడు. "సైక్లోన్" అన్న మాటను 1848లో ప్రచురించిన తన గ్రంథం ద్వారా లోకానికి ఇచ్చినవాడు కూడా ఆయనే.

1839 నవంబరులో మరొక తుఫాను కోరంగిని తుడిచిపెట్టింది. అప్పుడు మూడు లక్షల మంది ప్రాణాలు కోల్పోయారనీ, ఇరవై వేల నావలు ధ్వంసమయ్యాయనీ నేటికీ తరచుగా ముద్రితమవుతున్నది. ఒక నదీముఖపు రేవులో ఇరవై వేల నావలు ఎట్లా నిలిచాయో ఆ అంకెను వ్రాసేవారు ఆలోచించినట్లు లేదు. చిన్న తెప్పలను సైతం లెక్కించినా అది నమ్మశక్యం కాని సంఖ్య అని నా అభిప్రాయం. ఏది ఏమైనా, అన్ని ఓడలలో ఒక్కదాని అస్థిపంజరమైనా నేడు కోరంగి గట్టున చూపగలవారు లేరు. పిడింగ్టన్ వర్ణనను బట్టి, వెనుకకు మరలిన సముద్రం ఇసుకనూ బురదనూ గుట్టలుగా వదిలి నదీముఖాన్ని పూడ్చివేసింది. తరువాత గోదావరి ఒండ్రు తీరరేఖనే ముందుకు నెట్టింది. తీరం వెంబడి ప్రవాహాలు మోసుకువచ్చిన ఇసుక హోప్ ఐలాండ్ అనే పొడవైన దిబ్బగా పెరిగింది. ఒకనాటి రేవు నేడు మడ అడవుల నడుమ ఒక గ్రామం. ఆ అడవులే 1978లో అభయారణ్యంగా ప్రకటింపబడ్డాయి.

ఒండ్రు కప్పని కొయ్య గతి వేరు. దానికి శత్రువు ఓడపురుగు. పేరుకు పురుగే గాని, నిజానికి ఇది ఆలిచిప్పల జాతికి చెందిన మెత్తని ప్రాణి. శాస్త్రనామం టెరిడో. దీని శరీరం మీద చిప్పలు తల వద్ద రెండు చిన్న ఆకురాళ్ళవలె మిగిలి, కొయ్యను రాపాడించి తొలుస్తాయి. తొలిచిన పొట్టును జీర్ణింపజేసే ఎంజైములను ఈ ప్రాణి మొప్పలలో నివసించే సూక్ష్మజీవులు అందిస్తాయి. పిల్లగా ఉన్నప్పుడు గుండుసూది మొనంత రంధ్రం చేసుకొని లోపల ప్రవేశించి, అక్కడే జానెడు, మూరెడు పెరుగుతుంది. కనుక పైకి చూస్తే పలక చెక్కు చెదరనట్లే ఉంటుంది. కాలు మోపితే మాత్రం జల్లెడలాగా విరుగుతుంది. విశాఖ రేవులో ఈ ప్రాణుల రాకపోకలను ఆంధ్ర విశ్వవిద్యాలయ జంతుశాస్త్ర శాఖలో ఆచార్య పి.ఎన్. గణపతి, వారి సహచరులు 1950 దశకంలోనే అధ్యయనం చేశారు.

ఈ ప్రాణికి ఉప్పునీరు జీవనాధారం. ఉప్పు బాగా తగ్గిన నీటిలో గాని, ఎండలో ఆరిన కొయ్యలో గాని అది బ్రతకలేదు. స్వీడన్ దేశపు 'వాసా' అనే యుద్ధనౌక 1628లో మునిగి, 1961లో దాదాపు పూర్తి ఆకారంతో బయటపడటానికి బాల్టిక్ సముద్రపు చప్పనీరే ప్రధాన కారణం. మన బెస్తవారికి ఈ శాస్త్రం పుస్తకాల ద్వారా రాలేదు. వేట ముగిసిన వెంటనే తెప్ప కట్లు విప్పి దుంగలను ఇసుకమీద ఆరబెట్టడం వారి నిత్యకృత్యం. పలకలను కొబ్బరిపీచు తాళ్ళతో కుట్టి నిర్మించిన మసూలా పడవలను కూడా ఒడ్డుకు లాగి ఉంచేవారు. మేకులు లేని ఆ పడవ అలల దెబ్బకు విరగక వంగుతుంది. పలకలను తాళ్ళతో కుట్టి, చేపనూనె పూసే ఈ పద్ధతి అరబ్బు నావికులకూ తెలిసినదే. ఈ దేశపు తీరంలోని పాత పడవలనూ మన తీరపు పడవలనూ ప్రక్కప్రక్కన ఉంచితే ఒకే కుటుంబానికి చెందినవిగా తోస్తాయి. తెప్పను ఆరబెట్టేవాడు వలసపోతే, తేమ తగిలే చోట పడి ఉన్న దుంగలు ఏళ్ళ తరబడి నిలవవు. ఇప్పటి ఫైబర్ పడవ సంగతి వేరు. దానిని ఓడపురుగు ముట్టదు. పాడుపడి ఒడ్డున వదిలివేసినా కుళ్ళదు. ఎండకు పగిలి సన్నని పీచుగా ఇసుకలో కలుస్తుంది. 2023 నవంబరులో విశాఖ ఫిషింగ్ హార్బరులో రాత్రివేళ పదుల సంఖ్యలో పడవలు కాలిపోయినప్పుడు ఈ రెసిన్ పదార్థమూ, ట్యాంకులలోని డీజిలూ మంటలకు తోడయ్యాయి.

విశాఖకూ మునిగిన ఓడలకూ ఉన్న సంబంధం రేవు పుట్టుకతోనే మొదలయింది. సంవత్సరంలో ఎక్కువ నెలలు ఇక్కడ ఇసుక దక్షిణం నుండి ఉత్తరానికి తరలుతుంది. ఆ ఇసుక రేవు ముఖద్వారాన్ని పూడ్చకుండా ఉండేందుకు, 1933లో ప్రారంభమైన ఈ రేవు నిర్మాతలు రెండు పాత ఓడలను బుద్ధిపూర్వకంగా ముంచి అడ్డుకట్టగా చేశారు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖ, కాకినాడలపై బాంబులు వేసిన రోజులలోనే బంగాళాఖాతంలో ఇరవై వరకు వాణిజ్య నౌకలు మునిగాయి. 1971 డిసెంబరులో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ ఎదుటనే మునిగింది. అది 1945లో అమెరికా నౌకాదళంలో డయాబ్లో అనే పేరుతో చేరి, తరువాత పాకిస్తాన్‌కు వెళ్ళినది. ఎందుకు మునిగిందన్న దానిపై ఉభయ దేశాల కథనాలూ భిన్నంగా ఉన్నాయి. తేలుతున్న వస్తువులను మొదట నౌకాదళానికి అందించినవారు స్థానిక మత్స్యకారులేనని ప్రచురిత కథనాలు చెబుతున్నాయి.

ఇటీవలి ఉదాహరణ బంగ్లాదేశ్‌కు చెందిన 'ఎం.వి. మా'. 2020 అక్టోబరు 13న వాయుగుండం ఉద్ధృతికి లంగరు నిలువక తెన్నేటి పార్కు వద్ద రాళ్ళమీదికి వచ్చింది. అందులోని 15 మంది సిబ్బంది క్షేమంగా బయటపడ్డారు. పర్యాటక శాఖ దానిని ఫలహారశాలగా మార్చాలని సంకల్పించింది గాని, ఏళ్ళు గడిచినా ఆ సంకల్పం ముందుకు సాగక ఓడ తుప్పు పట్టింది. మరి ఈ దేశంలో తబూక్ ప్రాంతపు హఖ్ల్ సమీపాన 1978లో ఒరిగిపోయిన జార్జియోస్ జి అనే గ్రీకు యజమానుల సరుకుల ఓడ దశాబ్దాలపాటు ఆకారం చెడక నిలిచి, "సౌదీ టైటానిక్"గా ఎట్లా పేరు పొందింది? ఉప్పే కారణమైతే ఫలితం తారుమారు కావాలి. ఎర్రసముద్రపు నీటిలో ప్రతి వేయి పాళ్ళకు 40 పాళ్ళు ఉప్పు. గోదావరి, మహానది, గంగల వరదనీరు చేరే మాసాలలో విశాఖ నీటిలో అది 30కి దిగువకు పడిపోతుంది.

సమాధానం అలలలో ఉన్నది. నీటిలో పూర్తిగా మునిగిన ఉక్కు ఏడాదికి సగటున మిల్లీమీటరులో పదో వంతు మాత్రమే తరుగుతుంది. తడిసి ఆరుతూ ఉండే చోట, ఉప్పుతుంపర్లూ గాలీ కలిసి తాకే భాగంలో ఆ తరుగుదల అంతకు కొన్ని రెట్లు ఉంటుంది. విశాఖలో అల కొట్టిన ప్రతిసారీ ఇసుక తుప్పుపొరను గీకివేసి, క్రొత్త లోహాన్ని గాలికి అప్పగిస్తుంది. ఇరుకైన అకాబా గల్ఫులో అల బలం తక్కువ. అడుగున ఉన్నది కదిలే ఇసుక గాక పగడపు రాయి.

ఒడ్డున శిథిలమయ్యే ఓడ వేడుక చూసేవారికి, అడుగున పడ్డ ఓడ వేటకు వెళ్ళేవారికి. మెత్తని ఇసుకనేలపై గట్టి ఆధారం దొరికితే దానిమీద ఆలిచిప్పలు, నాచు పెరుగుతాయి. వాటికై చిన్న చేపలూ, ఆ చేపలకై పెద్ద చేపలూ చేరుతాయి. గాలం వేసేవానికి అది నిధి, వల లాగేవానికి గండం. కాబట్టి ఆ చోటును తెలిసికొనడం ఉభయులకూ అవసరమే. దీనికై బెస్తవారు పాటించిన పద్ధతి జ్యామితియే. ఒక కొండకొన ఒక గుడి గోపురానికి సూటిగా రావడం ఒక గీత, మరొక దిక్కున దీపస్తంభం వేరొక కొండ అంచును తాకడం రెండవ గీత. ఆ రెండు గీతలు కలిసిన చోటనే ఓడ ఉన్నట్లు. కాగితం లేకుండా తండ్రినుండి కొడుకుకు వచ్చిన పటం ఇది.

నేడు పడవలలోని జీపీఎస్ యంత్రాలు ఆ చోటును కొన్ని అంకెలుగా దాచుకొంటున్నాయి. తీరంలో లేచిన బహుళ అంతస్తుల భవనాలు పాత గురుతులను కప్పివేస్తున్నాయి. ఆ గీతలు నోటికి వచ్చినవారు వృద్ధులై ఉన్నారు. వారి కుమారులలో కొందరు వేటకై వేరావల్ వెళ్ళారు, మరికొందరు మనవలె గల్ఫు దేశాలకు వచ్చారు. వేసవి సెలవులలో భీమిలికో, ఉప్పాడకో, కళింగపట్నానికో వెళ్ళే మన సభ్యులు తమ ఊరి పెద్దలను కూర్చోబెట్టి, వల చిక్కే చోట్ల పేర్లనూ, ఏ కొండ ఏ గుడికి సూటిగా రావాలో వారి మాటలలోనే వ్రాసి తీసుకొనివస్తే, రాబోయే సంచికలో వాటిని పటముతో సహా ప్రచురించవచ్చును.